ప్వెబ్లా: వినే మాటలు వేరు, ఊరు వేరు

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు మెక్సికో ట్రిప్పులు ప్లాన్ చేయడం నా పని. లాంగ్ వీకెండ్ అనగానే అందరూ కాన్‌కూన్ అంటారు, లేదంటే మెక్సికో సిటీ. ఆ రాజధానికి దగ్గర్లోనే ఉన్న ప్వెబ్లా నగరం పేరెత్తితే "అక్కడ ఏముందండీ?" అనే ప్రశ్న ఖాయం. తరచూ నా చెవిన పడే అపోహలు ఇవి.

అపోహ: మెక్సికో సిటీ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

వాస్తవం: వచ్చేయొచ్చు, కాకపోతే చూసేది సగమే. దూరం 130 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు. రాజధాని ట్రాఫిక్‌లో పడితే ఇంకా ఎక్కువ. మెక్సికో సిటీ ఎయిర్‌పోర్టు నుంచే ప్వెబ్లాకి నేరుగా బస్సులున్నాయి. దిగగానే అటే వెళ్లిపోయి రెండు రాత్రులు ఉండండి. ఊరు ఇంచుమించు ఊటీ అంత ఎత్తులో ఉంటుంది, రాత్రిపూట స్వెటర్ కావాలి.

మొదటి రోజు పాత ఊరికి పెట్టుకోండి, అదీ నడిచే. వీధులకు పేర్లకంటే నంబర్లే ఎక్కువ. సోకలో అనే ప్రధాన కూడలి నుంచి ఉత్తరం వైపున్న తూర్పు-పడమర వీధులన్నీ సరిసంఖ్యలు, దక్షిణం వైపువి బేసి. ఇది తెలిస్తే మ్యాప్ అక్కర్లేదు. 1646లో బిషప్ పలఫాక్స్ తన పుస్తకాలిచ్చి మొదలుపెట్టిన పలఫాక్సియానా లైబ్రరీ, సాంతో దొమింగో చర్చిలో బంగారు పూతతో మెరిసే రొసారియో ప్రార్థనా మందిరం (1690లో పూర్తయింది), ఈ రెండూ వదలొద్దు. లైబ్రరీకి సోమవారం సెలవు, అంపారో మ్యూజియానికి మంగళవారం. లాంగ్ వీకెండ్‌లో వచ్చేవాళ్లు సోమవారం కోసం లైబ్రరీని అట్టే పెడతారు, తలుపు దగ్గరకెళ్లి తిరిగొస్తారు.

అపోహ: ప్వెబ్లా పక్కనే ఉన్న చోలూలా పిరమిడ్ అంటే ఒట్టి మట్టిగుట్ట.

వాస్తవం: చూడ్డానికి అలాగే ఉంటుంది, ఒప్పుకుంటాను. గడ్డి మొలిచిన కొండ, దాని మీద స్పానిష్ వాళ్లు కట్టిన చర్చి. కానీ ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద పిరమిడ్ అదే, గీజాది దీని తర్వాతే. 1931 నుంచి పురావస్తు శాఖవాళ్లు లోపల దాదాపు 8 కిలోమీటర్ల సొరంగాలు తవ్వి చూశారు. సందర్శకులను వాటిలోకి పంపుతున్నారో లేదో బయల్దేరే ముందు కనుక్కోండి. రెండో రోజు పొద్దున్నే వెళ్లాలి. 5,426 మీటర్ల పొపోకతెపెత్ల్ అగ్నిపర్వతం, ఇప్పటికీ పొగ కక్కేది, పొద్దునపూట స్పష్టంగా కనిపిస్తుంది. వానాకాలంలో మధ్యాహ్నానికి మబ్బుల వెనక్కి పోతుంది. తిరుగుదారిలో తొనాంత్సింత్ల చర్చి చూడండి. లోపలి పైకప్పు మీద దేవదూతలు, పళ్లు, ముఖాలు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే ఖాళీ కనపడదు. నాకైతే బంగారు మందిరం కంటే ఇదే ఇష్టం.

అపోహ: సింకో దె మాయో (మే 5) మెక్సికో స్వాతంత్ర్య దినం.

వాస్తవం: కాదు, అది సెప్టెంబర్ 16. 1862 మే 5న ఈ ఊళ్లోనే జనరల్ సరగోసా సైన్యం ఫ్రెంచివాళ్లను ఓడించింది. ఆ యుద్ధం జరిగిన లొరెతో, గ్వాదలూపె కోటలు ఇంకా ఉన్నాయి.

అపోహ: వెజిటేరియన్లకు బాధ లేదు, రాజ్మా అన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

వాస్తవం: దొరుకుతుంది. ఆ రాజ్మాలో చాలాసార్లు పంది కొవ్వు, ఆ అన్నంలో చికెన్ స్టాక్ ఉంటాయి. "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అని ఊరుకుంటే చికెన్ వేసి తెచ్చేవాళ్లూ ఉన్నారు. "సిన్ పోయో, సిన్ మాంతేకా, సిన్ కాల్దో" (చికెన్, పంది కొవ్వు, స్టాక్ లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పండి. ఈ ఊరి మోలే సాస్‌లో ఎండుమిర్చి, నువ్వులు, దాల్చిన చెక్క, చాక్లెట్ పడతాయి, మనకు ఘాటు అనిపించదు. అదీ మామూలుగా చికెన్ స్టాక్‌తోనే చేస్తారు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వచ్చే చిలెస్ ఎన్ నొగాదా అనే స్టఫ్ చేసిన మిరపకాయ వంటకం పైకి వాల్‌నట్ సాస్, దానిమ్మ గింజలతో అమాయకంగా కనిపిస్తుంది, లోపల మాంసమే. గుమ్మడిపువ్వు కెసడియా, నాగజెముడు కూర, వెన్నపండు పెట్టిన సెమీతా బన్ను అడగండి, కడుపు నిండుతుంది.

అపోహ: తలవేరా పింగాణీ అంతా ఒకటే, ఎల్ పరియాన్ బజారులో బేరమాడి కొనుక్కోవచ్చు.

వాస్తవం: బజారులో చవగ్గా దొరికేవాటిలో చాలావరకు ఆ తరహా డిజైన్లే. అసలు తలవేరా అని చెప్పుకునే హక్కు ధ్రువీకరణ పొందిన వర్క్‌షాపులకే ఉంది. పళ్లెం తిరగేస్తే కింద ఆ వర్క్‌షాపు పేరుండాలి. వేలితో తడిమితే రంగు కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. ధర చూసి గుండె గుభేలుమంటుంది, ఒక్క చిన్న గిన్నెతో సరిపెట్టుకోండి.

అపోహ: చేతిలో ఐ-797 (హెచ్-1బి లాంటి దరఖాస్తు ఆమోదించామని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే నోటీసు) ఉంటే వీసా సంగతి చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. భారతీయ పాస్‌పోర్టుతో మెక్సికో వీసా లేకుండా వెళ్లాలంటే పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా స్టాంప్ కావాలి, లేదా గ్రీన్‌కార్డ్. ఐ-797 వీసా కాదు. స్టాంప్ గడువు దాటిపోతే ముందు మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోండి, విమానం టికెట్లు ఆ తర్వాతే.