గ్రీన్‌బ్యాక్ గొడవ: ఏటా క్లాసులో వినే అపోహలు

మొన్న ఒక విద్యార్థి వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. "సార్, కాగితం డబ్బు ఎప్పటికైనా చిత్తుకాగితమేనని మావాడి నోట్సులో ఉంది. బ్యాంకులో డిపాజిట్ తీసేసి బంగారం కొనేయమంటారా?" పాపం, ఆవిడ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. తీరా చూస్తే అది అమెరికా అంతర్యుద్ధం నాటి గ్రీన్‌బ్యాక్‌ల, అంటే అప్పటి కాగితం డాలర్ల పాఠం. ఆర్థిక చరిత్ర చెప్పేవాడిగా నాకు ఏటా ఇదే గోల.

అపోహ: బంగారం అందరికీ న్యాయం చేస్తుంది, కాగితం అందరినీ ముంచుతుంది.

వాస్తవం: మీరు అప్పిచ్చారా, తెచ్చుకున్నారా? దాన్నిబట్టి ఉంటుంది. 1862లో యుద్ధం ఖర్చుకని, బంగారం ఇస్తామన్న హామీ లేకుండానే ఈ నోట్లు వేశారు. 1864 జూలైలో 100 బంగారు డాలర్లు కావాలంటే 280కి పైగా కాగితం డాలర్లు పోయాల్సి వచ్చింది. యుద్ధమయ్యాక నోటును మళ్లీ పాత రేటుకే బంగారంతో ముడిపెట్టాలన్నారు. అంటే నోటు విలువ పెరగాలి, సరుకుల ధరలు పడాలి. పడ్డాయి కూడా. 1865 నుంచి 1879 నాటికి టోకు ధరలు దాదాపు సగమయ్యాయి.

ఇప్పుడు రైతు వైపు నుంచి లెక్క వేయండి. గోధుమలు బుషెల్ (ధాన్యం కొలత) రెండు డాలర్లున్నప్పుడు వెయ్యి డాలర్లు అప్పు చేశాడనుకుందాం. 500 బుషెళ్లు అమ్మితే తీరాలి. ధర ఒక డాలరుకు పడితే వెయ్యి బుషెళ్లు అమ్మాలి, వడ్డీ వేరే. ఇది చెప్తుంటే గుంటూరు కుర్రాడొకడు "మా నాన్న మిర్చి అప్పు కూడా ఇంతే సార్" అన్నాడు. వాడికి నోట్లు తగ్గించొద్దన్న గ్రీన్‌బ్యాక్ పార్టీ ఎందుకు పుట్టిందో విడిగా చెప్పాల్సిన పని పడలేదు. పైగా చౌక నోట్లతో ప్రభుత్వ బాండ్లు కొన్నవాళ్లకు బంగారంలోనే చెల్లిస్తామని 1869లో చట్టం చేశారు. రైతుకు మండదా మరి!

అపోహ: హద్దూపద్దూ లేకుండా అచ్చేశారు. లేదు, 45 కోట్ల డాలర్ల దగ్గర చట్టం గీత గీసింది. విలువ పూర్తిగా పోయింది, విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ నోట్లకు. రెండూ కలిపేస్తారు.

అపోహ: ఈ నోట్లు వేసినందుకే బ్యాంకర్లు అధ్యక్షుడు లింకన్‌ను చంపించారు. వాట్సాప్ చరిత్ర! కాల్చిన బూత్ దక్షిణాది వీరాభిమాని.

అన్నట్టు, ఆర్థికమంత్రిగా ఈ నోట్లు వేసిన శాల్మన్ చేజ్, 1870లో ప్రధాన న్యాయమూర్తి హోదాలో పాత అప్పులకు అవి చెల్లవన్నాడు. మరుసటి ఏడాదే కోర్టు ఆ తీర్పును తిరగేసింది.

1879 జనవరి 1న నోటుకు బంగారం ఇవ్వడం మొదలైంది. జనం ఎగబడతారని భయపడ్డారు. న్యూయార్క్‌లో తొలి పనిదినాన బయటికెళ్లిన బంగారం కన్నా, నోట్లు కావాలని జనం తెచ్చిచ్చిన బంగారమే ఎక్కువ. ఆవిడకి ఈ సంగతే చెప్పాను. డిపాజిట్ గురించి బ్యాంకులో అడగమన్నాను. వాళ్లబ్బాయిని మాత్రం ఆ నోట్సు పట్టుకుని రమ్మన్నాను.