జొన్నలు పోసి ఉల్లిగడ్డ తెచ్చుకునే వేరు

నర్సంపేట దగ్గర ఒక మిర్చి రైతు అడిగాడు: "సార్, చెలకల చెరువు మట్టి తోలినంక యూరియా తక్కువ పడుతదంటున్నరు. నిజమేనా?"

2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మన దగ్గర ఎన్నో చెలకలకు ట్రాక్టర్లతో పూడిక మట్టి తోలారు. అందులో ఎరువు ఉంటుందనే చాలామంది తోలారు. ఎరువు కన్నా గొప్పది దాని పట్టు.

ఇంట్లోనే చూడొచ్చు. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులుగా నిలపండి. చెరువు మట్టి, కడిగిన ఇసుక కలిపి నింపండి. పుండ్లకు రాసే ఊదామందు, అదే జెన్షన్ వయొలెట్, రెండు చుక్కలు నీళ్లలో కలిపి పైనుంచి మెల్లగా పోయండి. కింద దిగే నీళ్లలో ఊదారంగు ఉండదు. ఆ రంగుది ధనావేశం, బంకమట్టిది రుణావేశం. పట్టేసుకుంది! బడిలో "వేర్లు లవణాలను పీల్చుకుంటాయి" అని ఒక్క వాక్యంతో దాటేస్తాం. ఈ సీసా ఒక్కటి చూపిస్తే పిల్లలు మరిచిపోరు.

మట్టికి ఆ ఆవేశం ఎక్కడిది? బంకమట్టి స్ఫటికంలో సిలికాన్ ఉండాల్సిన చోట అక్కడక్కడ అల్యూమినియం, అల్యూమినియం చోట మెగ్నీషియం కూర్చుంటాయి. అలా కూర్చున్న ప్రతిచోటా ఒక ధనావేశం తగ్గుతుంది. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్ ఒక్క గ్రాము తీసుకుని పొరలన్నీ విప్పి పరిస్తే దాదాపు ఎనిమిది వందల గజాల ప్లాటంత. అంత జాగాలో ధనావేశమున్న పోషకాలు, అంటే పొటాషియం, కాల్షియం, అమ్మోనియం, అంటుకుని ఉంటాయి.

మట్టి గట్టిగా పట్టుకున్నదాన్ని వేరు ఎట్లా విడిపిస్తుంది? ఊళ్లలో ఒకప్పుడు జొన్నలు పోసి ఉల్లిగడ్డలు తీసుకునేవాళ్లు కదా, అచ్చం అట్లాగే. వేరు దగ్గరున్న జొన్నలు హైడ్రోజన్ అయాన్లు, అంటే ధనావేశమున్న హైడ్రోజన్ కణాలు. వాటిని బయటికి తోస్తుంది, మట్టి వాటిని తీసుకుని పొటాషియాన్ని వదులుతుంది. కొలత ఆవేశాన్ని బట్టి: పొటాషియానికి ఒక సోల, కాల్షియానికి రెండు సోలలు. ధనావేశం బయటికి పోయేకొద్దీ వేరు కణం లోపల రుణావేశం మిగులుతుంది, సుమారు 150 మిల్లీవోల్టులు, అంటే పెన్సిల్ సెల్‌లో పదో వంతు. విడిపడ్డ పొటాషియాన్ని లోపలికి లాగడానికి అది చాలు.

ఆ జొన్నలు తోయడానికి ఖర్చవుతుంది. ఆకు పంపిన చక్కెరను వేరు గాలితో మండించుకోవాలి. అందుకే నాలుగు రోజులు వాన నీళ్లు నిలిస్తే పత్తి పసుపెక్కుతుంది. నేలలో ఎరువు ఉన్నా వేరుకు ఊపిరాడక బేరం ఆగిపోతుంది. దిష్టి తగిలిందని బొమ్మ కడతారు. కట్టాల్సింది బొమ్మ కాదు, తీయాల్సింది కాలువ.

ఇక యూరియా సంగతి. నేలలో పడ్డ కొద్ది రోజుల్లోనే అది అమ్మోనియం అవుతుంది, మట్టి పట్టుకుంటుంది. తర్వాత బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌ది రుణావేశం కాబట్టి ఏ మట్టీ దాన్ని గట్టిగా ఆపలేదు. ఇసుక చెలకలో నీళ్లు తొందరగా ఇంకుతాయి, వాటితోపాటే వేరుకు అందనంత కిందికి దిగిపోతుంది. బంక ఉన్న నేలలో అమ్మోనియం ఎక్కువ నిలుస్తుంది, నీళ్లూ నిదానంగా దిగుతాయి.

నిజమేనని ఆ రైతుకు చెప్పాను. ఒకేసారి గుమ్మరించకుండా దఫాలుగా వేయమన్నాను. ఎంత తగ్గించాలో మాత్రం మట్టి తోలిన మడికి వేరుగా, తోలని మడికి వేరుగా భూసార పరీక్ష చేయించుకుని చూడమన్నాను.