థీసిస్‌లో కోడ్: స్క్రీన్‌షాట్ చేసే నష్టం, మరికొన్ని అపోహలు

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. సమర్పణకు వారమే గడువు, మూడో అధ్యాయంలో కోడ్ మార్జిన్ దాటి బయటికి పోయింది, ఏం చేయాలంటారు. పన్నెండేళ్లుగా లేటెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌లో థీసిస్‌లు కూర్చడమే నా పని కాబట్టి ఆ కంగారు నాకు తెలుసు. నాలుగేళ్ల శ్రమ ఒక పేజీ దగ్గర ఆగిపోతే ఎవరికైనా నిద్ర పట్టదు. నాకు కోపమంతా వాళ్ల చెవిన ఎవరో వేసిన మాటల మీదే.

అపోహ: కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెడితే సిమిలారిటీ శాతం తగ్గుతుంది.

ఈ పుకారు ఏటా కొత్త బ్యాచ్‌కు అందుతూనే ఉంది. సిమిలారిటీ అంటే మీ రాత ఇతరుల రాతలతో ఎంత పోలుతుందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఆ పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటితే 40 వరకు ఒక స్థాయి, 60 వరకు మరొకటి, ఆపైన మూడోది. ఆధారం చూపి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఆ లెక్కలోకి రావు. మీరు స్వయంగా రాసిన కోడ్ గురించి భయపడే పనే లేదు. వేరేచోట నుంచి తీసుకున్నదైతే ఎక్కడిదో చెప్పండి, సరిపోతుంది. బొమ్మగా మార్చి దాస్తే సాఫ్ట్‌వేర్‌కు కనబడకపోవచ్చు కానీ పరీక్షకుడికి కనబడుతుంది. దాచారన్న అనుమానం ఒకసారి పుడితే మిగతా అధ్యాయాలను కూడా ఆయన ఆ కళ్లతోనే చదువుతారు.

ఆ బొమ్మ ముద్రణకూ పనికిరాదు. ఎడమవైపు బైండింగ్‌కు ఒకటిన్నర అంగుళం, కుడివైపు ఒక అంగుళం వదిలితే ఏ4 కాగితం మీద 5.77 అంగుళాల వెడల్పు మిగులుతుంది. 700 పిక్సెళ్ల స్క్రీన్‌షాట్‌ను అందులోకి సాగదీస్తే అంగుళానికి 121 పిక్సెళ్లే పడతాయి. అక్షరాలు అలికినట్టు వస్తాయి. చూపు లేని పాఠకుల కోసం పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఒక్క అక్షరమూ దొరకదు.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి డిసెంబరులో తీసిన స్క్రీన్‌షాట్‌ను థీసిస్‌లో పెట్టుకుంది. లూప్ చివరి నమూనాను వదిలేస్తోందని ఫిబ్రవరిలో గమనించి సరిదిద్దింది. ప్రయోగాలన్నీ మళ్లీ నడిపింది, పట్టికలన్నీ మార్చింది. బొమ్మ మాత్రం పాతదే ఉండిపోయింది. వైవాలో పరీక్షకుడు ఆ లూప్ చదివి, దీనితో ఈ ఫలితం రాదే అన్నారు. ఆమె చెప్పిన సమాధానం నిజమే. కానీ చేతిలో ఉన్న పుస్తకం వేరే సంగతి చెబుతోంది. సవరించి మళ్లీ సమర్పించడానికి మూడు నెలలు పట్టింది. ఆ రోజు సాయంత్రం ఆమె నాతో ఫోనులో మాట్లాడిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ ముందు నేర్పేది, లేటెక్‌లో కోడ్‌ను అచ్చువేసే లిస్టింగ్స్ ప్యాకేజీలోని ఎల్‌ఎస్‌టీ‌ఇన్‌పుట్‌లిస్టింగ్ ఆదేశం. కోడ్‌ను కాపీ చేయకుండా ఫైలు పేరు ఇస్తే చాలు. కంపైల్ చేసిన, అంటే పీడీఎఫ్ తయారుచేసిన ప్రతిసారీ అది అసలు ఫైలునే చదువుతుంది. ఫస్ట్‌లైన్, లాస్ట్‌లైన్ అని చెప్పి కావలసిన వరుసలనే తెచ్చుకోవచ్చు. పైన కొత్త వరుసలు చేరితే ఆ అంకెలు జరుగుతాయి, కాబట్టి సమర్పించే ముందు ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: వరుస మార్జిన్ దాటితే పట్టేదాకా అక్షరం చిన్నది చేయాలి.

6 పాయింట్లకు దించి తెచ్చినవాళ్లను చూశాను. అది ఎవరు చదువుతారు? లేటెక్‌లో ఫుట్‌నోట్‌సైజ్ అనే అక్షర పరిమాణం 12 పాయింట్ల థీసిస్‌లో 10 పాయింట్లు. ఆ సైజులో కంప్యూటర్ మోడర్న్ టైప్‌రైటర్ ఫాంటు వాడితే పైన చెప్పిన వెడల్పుకు వరుసకు 79 అక్షరాలు పడతాయి. పైథాన్ శైలి నియమావళి పెప్ 8 పెట్టిన హద్దూ 79 అక్షరాలే. అయితే లిస్టింగ్స్‌లో కాలమ్స్ అనే సెట్టింగును ఫుల్‌ఫ్లెక్సిబుల్‌గా పెట్టాలి, లేకపోతే అక్షరాలు ఎడంగా పడి ఆ లెక్క తగ్గుతుంది. బ్రేక్‌లైన్స్ ఆన్ చేస్తే పొడవు వరుస దానంతట అదే విరుగుతుంది. కోడ్‌లోనే అర్థవంతమైన చోట మీరు విరవగలిగితే ఇంకా మంచిది.

కోడ్‌లో ఇఫ్, ఫర్ వంటి కీలకపదాలు బోల్డ్‌లో రావడం లేదంటే మీ ఇన్‌స్టలేషన్ పాడైనట్టు కాదు. ఆ టైప్‌రైటర్ ఫాంటుకు బోల్డ్ లేదు, అంతే. బెరా మోనో వంటిది పెట్టుకోండి. జావాస్క్రిప్ట్‌కు రంగులు రాకపోవడం కూడా మీ తప్పు కాదు. లిస్టింగ్స్‌లో ఆ భాషకు సిద్ధ నిర్వచనం లేదు. మింటెడ్ అనే మరో ప్యాకేజీకి మారితే, అది వాడే పైగ్మెంట్స్ అనే రంగులద్దే ప్రోగ్రాం ఆ పని చూసుకుంటుంది.

అపోహ: పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన కోడ్ నేరుగా నడుస్తుంది.

చాలాసార్లు నడవదు. వరుస మొదట్లోని ఖాళీలు పోతాయి, పైథాన్‌కు ఖాళీలే ప్రాణం. నిటారు కొటేషన్ గుర్తులు వంపు తిరిగిన గుర్తులుగా మారతాయి. లిస్టింగ్స్‌లో అప్‌కోట్ సెట్టింగు పెడితే కొటేషన్ల సమస్య తీరుతుంది, ఖాళీల సమస్య మిగిలే ఉంటుంది. కోడ్ ఫైళ్లను విడిగా జతచేసి, అవి ఎక్కడున్నాయో అనుబంధంలో రాయండి.

కామెంట్లు తెలుగులో రాసేవాళ్లు ఈమధ్య ఒకరిద్దరు వచ్చారు, చాలా సంతోషించాను. లేటెక్‌ను నడిపే మామూలు ప్రోగ్రాం పీడీఎఫ్‌లేటెక్‌లో లిస్టింగ్స్ ప్యాకేజీ ఒక్కొక్క బైటునే అక్షరంగా చూస్తుంది, తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో 3 బైట్లు. అందుకే లోపాలు వస్తాయి. వాటికి భయపడి కామెంట్లు ఇంగ్లీషులోకి మార్చవద్దు. దానికి బదులు జీలేటెక్ అనే ప్రోగ్రాంలో తెలుగు ఫాంటు ఇచ్చి మింటెడ్‌తో ప్రయత్నించండి.