నల్ల పొగ కక్కితేనే గట్టి ఇంజనా? ఆవిరి ఇంజన్లపై అపోహలు - వాస్తవాలు

ఈమధ్య ఆవిరి ఇంజన్ల మీద ఇష్టం ఉన్నవాళ్లు బాగా పెరిగారు. హర్యానాలో ఆవిరి ఇంజన్లు ఉంచే రేవాడీ షెడ్‌కో, ఊటీ బండికో, డార్జిలింగ్‌కో పనిగట్టుకుని వెళ్లి ఫోటోలు, వీడియోలు తీసుకొస్తున్నారు. లోకో షెడ్‌లో బాయిలర్ పనితో ఉద్యోగం మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి అవన్నీ చూస్తే నాకు సంతోషమే. కాకపోతే వాటి కింద రాసే మాటల్లో తప్పులు చాలా ఉంటాయి. చూసేవాళ్ల కళ్లన్నీ పొగ మీద ఉంటాయి, ఇంజన్ మీద పని చేసేవాడి కన్ను ఎప్పుడూ నీళ్ల మీద ఉంటుంది. ఈ అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: చిమ్నీలోంచి నల్లటి పొగ దట్టంగా వస్తుంటే ఇంజన్ పూర్తి బలంతో లాగుతున్నట్టు.

నల్ల పొగంటే పూర్తిగా కాలకుండానే ఎగిరిపోతున్న బొగ్గు. మంట సరిగ్గా ఉంటే చిమ్నీ మీద లేత బూడిద రంగులో పల్చటి తెర మాత్రమే కనబడుతుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ ఇంజన్ నల్లగా కక్కుతోందంటే ఇన్‌స్పెక్టర్ మొట్టమొదట బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్‌నే పిలిచేవాడు.

పారతో ఒకేసారి కుప్పగా పోస్తే మంట అణిగిపోతుంది, గాలి అందదు, పొగ లేస్తుంది. అందుకే కొంచెం కొంచెంగా, తరచుగా వెయ్యాలి. బొగ్గు మండే ఫైర్‌బాక్స్‌లో వెనక మూలల్లో మందంగా, ముందుకి పోయేకొద్దీ పల్చగా పరవాలి. పెద్ద గడ్డలుంటే ముందే చితక్కొట్టుకోవాలి. పైగా మన బొగ్గులో బూడిద ఎక్కువ. అది కరిగి క్లింకర్‌గా గడ్డకట్టి, బొగ్గు కింద గాలి వచ్చే ఇనప జల్లెడని, అంటే గ్రేట్‌ని మూసేస్తుంది, పొడవాటి ఇనప కడ్డీతో పొడిచి దాన్ని విడగొట్టాలి. ఇదంతా ఊగుతున్న ఇంజన్‌లో, మే నెల ఎండలో, తెరిచిన ఫైర్ డోర్ ముందు నిలబడి చెయ్యాలి. ఫైర్‌మ్యాన్ పనంటే బొగ్గు ఎత్తిపొయ్యడమే కదా అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

ఇక అభిమానుల కోసం నడిపే ప్రత్యేక బండ్ల సంగతి వేరు. అక్కడ ఫోటో కోసం కావాలనే ఓ నాలుగు పారలు ఎక్కువ వేయించుకుంటారు. ఫోటో బాగానే వస్తుంది, తప్పు లేదు. దాన్ని ఇంజన్ గొప్పతనంగా చెప్పుకోకుండా ఉంటే చాలు.

అపోహ: తెల్లగా కనిపించేది ఆవిరి.

ఆవిరి కంటికి కనబడదు. సేఫ్టీ వాల్వ్ లేచినప్పుడు జాగ్రత్తగా చూడండి. వాల్వ్ మూతికి, తెల్లటి మేఘానికి మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. అసలు ఆవిరి ఆ ఖాళీలోనే ఉంది. చల్లబడి నీటి తుంపరగా మారాకే తెల్లబడుతుంది. ఏమీ లేదు కదా అని లీకవుతున్న పైపు దగ్గర చెయ్యి పెట్టేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి. తెల్లటి మేఘం కావాలంటే డిసెంబర్, జనవరి ఉదయాల్లో వెళ్లండి. మన ఎండాకాలం మధ్యాహ్నం అది చిమ్నీ దాటగానే మాయమైపోతుంది.

అపోహ: ప్రెషర్ ఎక్కువైపోతే బాయిలర్ పేలుతుంది.

అందరికీ ఉండే భయం ఇదే. కానీ ప్రెషర్ హద్దు దాటితే సేఫ్టీ వాల్వులు వాటంతట అవే లేచి ఆవిరిని వదిలేస్తాయి. ఆ చప్పుడుకి జనం పరిగెత్తుతారు గానీ లోపలున్నవాడు కంగారు పడడు. మాకు టెన్షన్ పుట్టించేది నీళ్లు తగ్గడం.

ఎందుకో చెప్తాను. మన బ్రాడ్‌గేజ్ మీద ప్రయాణికుల బండ్లు లాగిన డబ్ల్యూపీ, గూడ్సు బండ్లు లాగిన డబ్ల్యూజీ ఇంజన్ల బాయిలర్ ప్రెషర్ చదరపు అంగుళానికి 210 పౌండ్లు. ఆ ప్రెషర్ దగ్గర లోపలి నీళ్లు దాదాపు 200 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటాయి. ఫైర్‌బాక్స్‌లో మంట వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది. మంటకీ నీళ్లకీ మధ్య ఉన్నది ఒక్క రేకు. ఫైర్‌బాక్స్ పైకప్పు లాంటి ఆ రేకునే క్రౌన్ షీట్ అంటాం. దాని మీద నీళ్లు ఉన్నంతసేపూ ఆ 200 డిగ్రీల నీళ్లే దాన్ని చల్లగా ఉంచుతాయి. నీళ్లు దిగిపోయి అది బయటపడిందా, నిమిషాల్లో ఎర్రబడి, మెత్తబడి, కిందికి కుంగి చిరుగుతుంది. అప్పటిదాకా ప్రెషర్ వల్ల నీళ్లుగా ఉన్నదాంట్లో చాలా భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. పేలుడంటే అది.

అందుకే డ్యూటీ ఎక్కగానే మొదటి పని గేజ్ గ్లాస్ పరీక్ష. క్యాబ్‌లో బాయిలర్ వెనక గోడకి నిలువుగా ఉండే గాజు గొట్టం అది. ఊరికే నీళ్ల మట్టం చూస్తే సరిపోదు. దారి మూసుకుపోతే గ్లాస్ అబద్ధం చెప్తుంది. దానికి పైనా కిందా ఉండే కుళాయిలు (కాక్‌లు) ఒక్కొక్కటీ కట్టి, తెరిచి, కింది నుంచి ఊదేస్తాం. మళ్లీ వదలగానే నీళ్లు చటుక్కున ఎగిరి తమ మట్టానికి రావాలి. బద్ధకంగా పాకుతూ ఎక్కితే లోపలెక్కడో మడ్డి పట్టినట్టే. గ్లాస్‌లో నీళ్లు అసలు కనబడకపోతే, అయ్యో అని బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ తెరిచి కాలిన రేకు మీద నీళ్లు ఎక్కించకూడదు. ముందు మంట తీసెయ్యాలి.

ఘాట్ శిఖరం దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఎత్తు ఎక్కి దిగడం మొదలుకాగానే నీళ్లన్నీ ముందుకి జారతాయి, వెనకున్న ఫైర్‌బాక్స్ మీద మట్టం పడిపోతుంది. ఎక్కేటప్పుడు నిండుగా కనిపించిన గ్లాస్‌ని నమ్మితే దిగేటప్పుడు కొంప మునుగుతుంది. అలాగని గొంతుదాకా నింపినా కుదరదు, నీళ్లు ఆవిరితో చక్రాల్ని తిప్పే సిలిండర్లలోకి పోతే వాటి మూతలు పగులుతాయి.

ఇవన్నీ దాటి తప్పు జరిగితే చివరి కాపలా లెడ్ ప్లగ్. క్రౌన్ షీట్‌లో బిగించిన చిన్న బోల్టు, నడుమ సీసం. నీళ్లు లేకపోతే సీసం 327 డిగ్రీల దగ్గర కరిగి, ఆవిరి మంట మీదకి దూకుతుంది. లెడ్ ప్లగ్ పోగొట్టుకున్న డ్రైవర్‌కి ఆ తర్వాత ఎంక్వైరీ తప్పదు.

అపోహ: తొమ్మిదింటి బండికి ఎనిమిదింటికి మంట పెడితే చాలు.

హెరిటేజ్ బండి ఆలస్యమైతే సిబ్బందిని తిట్టుకోవడం మామూలే. చల్లారిన బాయిలర్‌ని ముందురోజు సాయంత్రమే కట్టెలు, నూనెలో తడిపిన గుడ్డలతో వెలిగిస్తాం. తొందరపెడితే రేకులు, ట్యూబులు, రేకుల్ని పట్టి ఉంచే కడ్డీలు (స్టేలు) ఒకే తీరుగా సాగవు, అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది. రాత్రంతా ఒకడు కాపలా ఉండాల్సిందే.

దీనికి తోడు ఉప్పు నీళ్ల గొడవ. తెలంగాణ, రాయలసీమ బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు కదా. ఇంట్లో గీజర్ కాయిల్‌కి పట్టే తెల్ల పొర ఉందే, బాయిలర్ ట్యూబులకీ అదే పడుతుంది. పొర పెరిగేకొద్దీ వేడి నీళ్లకి చేరదు, రేకే వేడెక్కుతుంది. అందుకే నీళ్లలో సోడా యాష్ లాంటి మందులు కలపడం, ఇన్ని రోజులకోసారని ఇంజన్ ఆపి బాయిలర్ లోపల కడగడం, అంటే వాషౌట్ చెయ్యడం.

అపోహ: ఫెయిరీ క్వీన్ మన దేశపు మొదటి రైలుని లాగింది.

లాగలేదు. ముంబయిలోని బోరీబందర్ నుంచి ఠాణేకి మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853 ఏప్రిల్ 16న. దాన్ని లాగిన మూడు ఇంజన్లకి సాహిబ్, సింధ్, సుల్తాన్ అని పేర్లు చెప్తారు. ఫెయిరీ క్వీన్ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైందే 1855లో, అదీ తూర్పున ఈస్ట్ ఇండియన్ రైల్వే కోసం. 1997లో మళ్లీ పట్టాలెక్కి, నడుస్తున్న ఇంజన్లలో అతి పాతదిగా 1998లో గిన్నిస్‌కెక్కింది. ఆ గొప్ప చాలదా?

అపోహ: మన ఆవిరి ఇంజన్లన్నీ బ్రిటిష్‌వాళ్లు ఇచ్చినవే.

1895లోనే అజ్మీర్ వర్క్‌షాప్‌లో ఎఫ్-734 అనే ఇంజన్ తయారైంది. అదిప్పుడు ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. బుల్లెట్ ముక్కుతో అందరికీ నచ్చే డబ్ల్యూపీ మొదటి ఇంజన్లు 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. తర్వాతవి కెనడా, పోలండ్, ఆస్ట్రియాల నుంచి, ఆపైన మన చిత్తరంజన్ నుంచి. చిత్తరంజన్ ఫ్యాక్టరీ మొదటి ఇంజన్ 'దేశబంధు' 1950 నవంబర్ 1న బయటికొచ్చింది. 1972లో ఆవిరి ఇంజన్లు ఆపేసేసరికి అక్కడ తయారైనవి 2,351.

అపోహ: చుక్‌చుక్ అనేది ఊరికే ఇంజన్ చేసే చప్పుడు.

సిలిండర్‌లో పని ముగించుకున్న ఆవిరి చిమ్నీలోంచి బయటికి తన్నుకొచ్చే దెబ్బ అది. పోతూ పోతూ గ్రేట్ కింద నుంచి గాలిని లాగుతుంది. బరువు ఎక్కువ లాగితే దెబ్బ గట్టిగా పడుతుంది, గాలి ఎక్కువ అందుతుంది, మంట రాజుకుంటుంది. ఇంజన్ తన అవసరాన్ని తనే చూసుకుంటుందన్నమాట. ఎవరు ఆలోచించారో గానీ దీన్ని మించిన తెలివి నాకు ఆ యంత్రంలో ఇంకోటి కనబడదు. కానీ సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ కట్టేస్తే ఆ లాగుడు ఆగిపోతుంది. అప్పుడు చిమ్నీలోకి నేరుగా ఆవిరి ఊది గాలి లాగించే బ్లోయర్ తెరవడం మరిచిపోతే మంట వెనక్కి తిరిగి క్యాబ్‌లోకి వస్తుంది. టన్నెల్లో అయితే మరీ ప్రమాదం.

రెండు సిలిండర్ల ఇంజన్‌లో చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు దెబ్బలు. డబ్ల్యూపీ పెద్ద చక్రం చుట్టుకొలత సుమారు 5.35 మీటర్లు. కాబట్టి సెకనుకి నాలుగు దెబ్బలు వినబడితే బండి గంటకి 20 కిలోమీటర్ల దాకా పోతోందని లెక్క. నాలుగూ సమానంగా పడాలి. ఒకటి నీరసంగా, ఇంకోటి ఎగిరిపడుతూ వినిపిస్తే సిలిండర్లలోకి ఆవిరిని వదిలే వాల్వుల సెట్టింగ్ తప్పినట్టు. పాత డ్రైవర్లు పక్క లైన్లో పోయే ఇంజన్ రోగం కూడా చెవితోనే చెప్పేసేవాళ్లు.

అపోహ: వేగం, బలం చాలకనే వీటిని తీసేశారు.

ఇంగ్లండ్‌లో మల్లార్డ్ అనే ఇంజన్ 1938 జులై 3న గంటకి 203 కిలోమీటర్లు అందుకుంది, అది పల్లం దిగుతూనే అనుకోండి. అసలు కారణం ఖర్చు. బొగ్గులో ఉన్న శక్తిలో పదో వంతు కూడా చక్రాలకి చేరదు. పైగా నీళ్లు పట్టడం, బూడిద దులపడం, వాషౌట్లు, వీటన్నిటికీ వందల మంది మనుషులు. నెల్లూరు జిల్లా బిట్రగుంట అలాంటి స్టీమ్ షెడ్ మీద బతికిన ఊరే. షెడ్ పోయాక ఊరి కళా పోయింది. బ్రాడ్‌గేజ్ మీద మామూలు సర్వీసులో ఆవిరి 1995 డిసెంబర్‌తో ముగిసింది. అభిమానులు బాధపడ్డారు గానీ, పార పట్టిన మా వాళ్లలో చాలామంది డీజిల్ క్యాబ్‌లో కూర్చున్నాక వెనక్కి తిరిగి చూడలేదు.

అపోహ: స్టేషన్ ముందున్న ఇంజన్‌కి రంగేశారుగా, బొగ్గేస్తే నడుస్తుంది.

రంగు కింద ఏముందో చూడాలి. వానకి ట్యూబులు తుప్పు పట్టి, ఇత్తడి సామాన్లు ఎప్పుడో మాయమై ఉంటాయి. పాత బాయిలర్లకి చుట్టిన పొరలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పిల్లల్ని ఎక్కించి ఫోటోలు తీసేటప్పుడు ఊడిపోతున్న పొరల్ని పీకనివ్వకండి.

అపోహ: ఊటీ బండి, డార్జిలింగ్ బండి ఒకే రకం.

ఊటీ లైన్లో ఉన్నట్టు, ఇంజన్ పళ్ల చక్రం పట్టుకుని ఎక్కే పళ్ల పట్టా డార్జిలింగ్‌లో లేనే లేదు. 610 మిల్లీమీటర్ల గేజ్ మీద మామూలు చక్రాలతోనే, లూప్‌లు తిరుగుతూ, ముందుకీ వెనక్కీ మలుపులు తీసుకుంటూ కొండెక్కుతుంది. జారకుండా మనుషులు ఇంజన్ ముందు కూర్చుని పట్టా మీద ఇసుక వేస్తారు.

ఊటీ బండి నడిచే నీలగిరి లైన్లో కల్లార్ నుంచి కూనూర్ దాకా రెండు పట్టాల నడుమ పళ్ల పట్టా ఉంటుంది. అక్కడ 12 అడుగులకి ఒక అడుగు ఎత్తు. అక్కడ నడిచే ఎక్స్ క్లాస్ ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాల్ని తిప్పుతాయి, వాటిలోంచి వచ్చిన ఆవిరే మిగతా రెండింట్లోకి పోయి పళ్ల చక్రాల్ని తిప్పుతుంది. కొత్త ఆవిరి ఇంజన్లు ఇక ఎవరూ చెయ్యలేరనేవాళ్లు కూడా ఇక్కడికే రావాలి. తిరుచిరాపల్లి గోల్డెన్‌రాక్ వర్క్‌షాప్ ఈ లైన్ కోసం 2010ల్లో నూనెతో మండే కొత్త ఎక్స్ క్లాస్ ఇంజన్లు చేసింది, ఆ తర్వాత బొగ్గుతో నడిచేవీ చేసింది. అన్నట్టు, ఆ ఘాట్‌లో ఇంజన్ ముందుండి లాగదు, కింది వైపు నుంచి నెడుతుంది. ఇంజన్‌ని దగ్గరగా వినాలనుంటే మేట్టుపాళయంలో చివరి పెట్టెలో సీటు చూసుకోండి.