యూవీనా, ఓజోనా? పగడాల ట్యాంకు చుట్టూ అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఇళ్లలోని ఉప్పునీటి ట్యాంకులు చూసుకోవడం నా పని. పగడాలు పెంచడం మొదలుపెట్టిన ఆర్నెల్లకల్లా అందరూ అడిగేది ఒకటే: "యూవీ పెట్టించమంటారా, ఓజోనా?" యూవీ అంటే నీళ్లు అతినీలలోహిత బల్బు పక్కగా పోయే గొట్టం. ఓజోన్ అంటే ఆ వాయువుని తయారుచేసి నీళ్లలోకి పంపే యంత్రం. రెండూ ఒకే పని చేస్తాయనుకుని అడుగుతారు. యూవీ పని నీళ్లలో తేలే ప్రాణులతో. ఓజోన్ పని, మన ఇళ్లలో వాడే మోతాదులో అయితే, నీళ్లలో కరిగిన పసుపుదనంతో.

అపోహ: యూవీ ఉంటే తెల్లమచ్చల జబ్బు రాదు.

చేపలకి ఆ జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి కొన్నాళ్లు చేప చర్మం కింద ఉంటుంది. తర్వాత రాలి, ఇసుకకో రాయికో అంటుకుని గుల్ల కట్టుకుంటుంది. అందులోంచి వందల పిల్లలు ఈదుకుంటూ బయటికొస్తాయి. యూవీకి దొరికేది ఈ ఈదే దశ ఒక్కటే, అదీ పంపు లాక్కుంటేనే. అవి ఎక్కువగా చీకట్లోనే బయటపడతాయి. ఆ వేళకి చేప పక్క రాతిసందులోనే నిద్రపోతుంటుంది. ఇక పంపు దాకా పోవాల్సిన పనేముంది వాటికి? యూవీతో ఉధృతి తగ్గొచ్చు, జబ్బు పోదు. కొత్త చేపని విడిగా ఉంచి చూడటం, జబ్బు వచ్చిన ట్యాంకుని 76 రోజులు చేపల్లేకుండా ఉంచడం, మేం నమ్ముకునేవి ఇవే.

అపోహ: నీలం వెలుగు వస్తోందిగా, యూవీ పనిచేస్తున్నట్టే.

సూక్ష్మజీవుల్ని చంపేది 254 నానోమీటర్ల కిరణం. అది కంటికి కనపడదు. కనిపించే నీలం అదే బల్బు ఇచ్చే వేరే వెలుగు. రోజంతా వెలిగే బల్బులో అసలు కిరణం ఎనిమిది తొమ్మిది వేల గంటలకి, అంటే సుమారు ఏడాదికి బాగా తగ్గిపోతుంది. నీలం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఎంవీపీ కాలనీలో ఒకాయన బల్బు వేసి మూడేళ్లయింది. విప్పి చూస్తే లోపలి క్వార్ట్జ్ గొట్టం మీద గీజర్ కాయిల్‌కి పట్టినట్టు తెల్లటి పెచ్చు. గోరుతో గీస్తే గీత పడింది. వెనిగర్‌లో నానబెట్టి తుడిచాక గాని గాజు బయటపడలేదు. అన్నాళ్లూ ఆయన కరెంటు బిల్లు కట్టింది ఓ అలంకార దీపానికి!

ట్యాంకులోని వ్యర్థాల్ని శుద్ధిచేసే మంచి బ్యాక్టీరియా యూవీకి చచ్చిపోతుందనే భయం అనవసరం. అది రాళ్ల మీద, ఇసుకలో ఉంటుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా పోసినప్పుడు మాత్రం ఓ రెండు రోజులు యూవీ ఆపండి.

అపోహ: ఇసుక మీద గోధుమరంగు జిగురు వస్తే యూవీ కొంటే చాలు.

ముందు ఆ జిగురుని మైక్రోస్కోప్ కింద చూడండి, పిల్లలాడుకునేదైనా పర్లేదు. కన్నీటిబొట్టు ఆకారంలో, దారానికి కట్టినట్టు ఒకేచోట గిరగిరా తిరుగుతుంటే అది ఆస్ట్రియాప్సిస్ అనే సూక్ష్మజీవి. రాత్రుళ్లు నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీకి దొరుకుతుంది. ఆంఫిడీనియం అనే ఇంకో రకం అయితే ఇసుక వదిలి రాదు. దానికి యూవీ కొంటే డబ్బు దండగ.

అపోహ: ఓజోన్ అంటే యూవీకి పెద్దన్న.

పెద్ద పబ్లిక్ అక్వేరియాల్లో దాంతో క్రిములూ చంపుతారు, కానీ వాళ్లకి ఓజోన్ కలిసిన నీటిని కాసేపు నిలబెట్టే పెద్ద ట్యాంకులుంటాయి. మనం ఓజోన్ కలిపేది స్కిమ్మర్‌లో, అంటే బుడగలతో మురికిని నురగగా తీసే పరికరంలో. అందులో అంత సమయం దొరకదు. నీళ్లు అద్దంలా తేటపడతాయి, అది నిజం. కానీ సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది. ఓజోన్ దానితో కలిసి తనకన్నా ఎక్కువసేపు నిలిచే ఘాటు పదార్థాలు తయారుచేస్తుంది. అందుకే స్కిమ్మర్ నుంచి వచ్చే నీరు యాక్టివేటెడ్ కార్బన్ (వడపోత బొగ్గు) మీదుగా పోవాల్సిందే. ఓఆర్‌పీ కంట్రోలర్ (నీటి ఆక్సీకరణ శక్తిని కొలిచి, హద్దు దాటితే ఓజోన్ ఆపేసే పరికరం) లేకుండా ఓజోన్ పెట్టమంటే నేను పెట్టను. 350 మిల్లీవోల్టుల దగ్గర సెట్ చేస్తాను, 400 దాటనివ్వను. నీళ్లలో ముంచిన దాని ప్రోబ్‌కి జిగురు పడితే అదీ అబద్ధం చెబుతుంది, తుడుస్తూ ఉండాలి.

మన ఊళ్లో ఇంకో చిక్కు, గాలిలో తేమ. తడిగాలి లోపలికి పోతే ఓజోన్ ఉత్పత్తి పడిపోతుంది, పైగా యంత్రంలో నైట్రిక్ యాసిడ్ తయారై దాన్నే తినేస్తుంది. గాలి ఆరబెట్టే సిలికా గుళికలు జూలైలో వారం తిరక్కుండానే రంగు మారతాయి. ఇక గదిలో జెరాక్స్ షాపు వాసన వస్తుంటే "స్వచ్ఛమైన గాలి" అని మురిసిపోకండి. వెంటనే ప్లగ్ తీసి కిటికీలు తెరవండి. పనిచేసే చోట గాలిలో ఓజోన్‌కి ఎనిమిది గంటల పరిమితే 0.1 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 0.1 వంతు.

నన్నడిగితే మామూలు ఇంటి ట్యాంకుకి యూవీ చాలు, అదీ అవసరం పడితేనే.

మొన్న ఒక కుర్రాడు ఇంకో అడుగు ముందుకేశాడు: "అన్నా, ఓజోన్ కొట్టి బీచ్ నీళ్లే పోసేస్తే? సముద్రం పక్కన పెట్టుకుని ఉప్పు ప్యాకెట్ కొనాలా?" రొయ్యల హ్యాచరీల వాళ్లు సముద్రం నీళ్లే వాడతారు కదా అని కూడా అన్నాడు. వాడతారు. నిలవబెట్టి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ కొట్టి, అది పోయాక వాడతారు. కాలువల నీళ్లు కలిసే ఒడ్డున ముంచిన డబ్బాలోని ఫాస్ఫేటుని, లోహాల్ని ఓజోన్ గాని యూవీ గాని తీసెయ్యలేవు.

కొనాలి తమ్ముడూ.