తాతల నాటి రివాల్వర్లు: అపోహలు - వాస్తవాలు

పాత ఆయుధాలను గుర్తించడం, వాటి వివరాలు నమోదు చేయడం, లోహం మరింత చెడిపోకుండా కాపాడడం నా వృత్తి. మన ప్రాంతంలో నా బల్ల మీదికి వచ్చే రివాల్వర్లలో ఎక్కువ భాగం బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీలే. బ్రిటిష్ సైన్యం 1887లో మార్క్ 1 నమూనాను స్వీకరించిన నాటి నుంచి అవి సైనికాధికారులతోనూ పోలీసు అధికారులతోనూ ఈ దేశానికి వచ్చి, క్రమంగా జమీందారుల ఇనప్పెట్టెల్లోకి చేరాయి. వాటి గురించి ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే మాటల్లో కొన్ని వస్తువును పాడుచేస్తాయి, కొన్ని మనిషిని కేసుల్లో ఇరికిస్తాయి.

అపోహ: తుప్పు గీకి, మెరుగు పెట్టిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: నేను చూసిన నష్టాలలో సగానికి పైగా ఈ ఒక్క నమ్మకం వల్ల జరిగినవే. కొన్నేళ్ల క్రితం కోస్తాలోని ఒక కుటుంబం తమ తాతగారి మార్క్ 6 రివాల్వరును నా దగ్గరకు తెచ్చే ముందు, నాకు అందంగా చూపించాలన్న ప్రేమతోనే, దాన్ని ఒక వర్క్‌షాపులో మెరుగు చక్రానికి పట్టించి నికెల్ పూత వేయించారు. భూతద్దం కింద పెట్టి చూశాను. అసలైన ముద్రను ఉక్కు మీద సుత్తితో కొట్టినప్పుడు అక్షరం చుట్టూ లోహం సన్నని గట్టులా పైకి లేస్తుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. ఆ గట్టు పూర్తిగా పోయింది. నంబరులో 3, 8 వేరు చేయలేనంతగా అరిగిపోయాయి, మర మేకుల గుంతల అంచులు సాసర్లలా పల్లమయ్యాయి, ఎనిమిది పలకల గొట్టం మీది పదునైన అంచులు గుండ్రబడ్డాయి. ఆ ముద్రల్లోనే తయారైన కాలం, తుపాకి బలాన్ని పరీక్షించి ముద్ర వేసిన కేంద్రం (ప్రూఫ్ హౌస్), సైన్యం వాడిన సంగతి, సైన్యం నుంచి బయటికి అమ్ముడుపోయిన సంగతి అన్నీ ఉంటాయి. బాణం గుర్తు ఒక్కటే ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి; రెండు బాణాలు మొనకు మొన తాకేలా ఉంటే ప్రభుత్వం దాన్ని అమ్మేసిందని అర్థం. ఆ సాక్ష్యం ఒకసారి అరిగిపోతే ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు.

పాత రివాల్వరు మీది నీలి నలుపు కూడా ఇనుము మీద కావాలని పుట్టించిన ఆక్సైడు పొరే. అది కాలక్రమాన గట్టి గోధుమ రంగులోకి తిరిగితే దాన్ని ముట్టుకోకూడదు. వేలికి పొడిలా అంటుకునే ఎర్ర తుప్పునే ఆపాలి. అందుకు పలచని యంత్రపు నూనె, మెత్తని గుడ్డ, ఓపిక చాలు. పైన మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పూస్తే చేతి చెమట లోహాన్ని తాకదు. కొబ్బరి నూనె మాత్రం వద్దు, అది నిలవ ఉన్నకొద్దీ ముక్కిపోతుంది, అందులో పుట్టే ఆమ్లాలు లోహానికి హాని చేయవచ్చు.

అపోహ: అసలు తోలు తొడుగులోనే ఉంచితే భద్రంగా ఉంటుంది.

వాస్తవం: తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేయడానికి వాడిన రసాయనాలు ఉక్కును తింటాయి. విశాఖ, కాకినాడ, బందరు వంటి ఊళ్ల ఉప్పుగాలి తోడైతే ఒక్క వానాకాలం చాలు. తొడుగును విడిగా దాచండి, పారేయకండి. దాని మీద కుట్టిన పేరో ముద్రో రివాల్వరు చరిత్రలో భాగమే.

అపోహ: వందేళ్లు దాటితే లైసెన్సు అక్కరలేదు.

వాస్తవం: ఈ మాట సాధారణంగా అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా వస్తుంది. అక్కడి 1968 నాటి ఫెడరల్ చట్టం 1898లోగా తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా వేరుచేసి చూస్తుంది. అది ఆ దేశపు నియమం, అక్కడ కూడా రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండవచ్చు. మన 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షను పాతకాలపు నమూనాలకు, పురావస్తు విలువ గలవాటికి, పాడైపోయినవాటికి మినహాయింపు ఇస్తూనే, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానివై ఉండాలని షరతు పెట్టింది. ఇంట్లో ఉన్న వెబ్లీ ట్రిగ్గరు బిగుసుకుపోయినంత మాత్రాన ఆ షరతు తీరదు, ఎందుకంటే దాన్ని బాగుచేయవచ్చు. వారసత్వంగా వచ్చిందే అయినా లైసెన్సు ఉండాల్సిందే. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, వారసత్వపు ఆయుధాలకూ అదే పరిమితి. వందేళ్లు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది కనుక, విదేశంలోని కొడుక్కి కానుకగా పంపుదామనుకోవడం మరో నేరం. కాగితాలు లేని ఆయుధం అటక మీద దొరికితే ముందు న్యాయవాదిని సంప్రదించి, పోలీసు స్టేషనులో తెలియజేయండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను, కాగితాలు లేని ఆయుధాన్ని నా బల్ల మీదికి రానివ్వను.

అపోహ: పైన చెక్కి ఉన్న పేరే తయారీదారుడి పేరు.

వాస్తవం: చాలా సందర్భాల్లో అది అమ్మిన దుకాణం పేరు. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా మాంటన్ వంటి సంస్థల పేర్లు ఇంగ్లండులో తయారైన తుపాకుల మీద కూడా కనిపిస్తాయి. కలకత్తా రొడ్డా కంపెనీ కూడా అటువంటి అమ్మకందారే. 1914 ఆగస్టు 26న బెంగాల్ విప్లవకారులు దారి మళ్లించిన 50 మౌజర్ పిస్తోళ్లు ఆ కంపెనీ కోసం దిగుమతైనవే. అలాగే ‘బుల్ డాగ్’ అని ఉన్న ప్రతిదీ వెబ్లీ కాదు. వెబ్లీ 1872లో తెచ్చిన ఆ పొట్టి రివాల్వరును బెల్జియంలోని లీజ్ పట్టణం విరివిగా అనుకరించింది. సిలిండరు మీద కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఈఎల్‌జీ అనే అక్షరాలు కనిపిస్తే అది లీజ్ పరీక్షా ముద్ర. ఇప్పటి పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్‌లో చేతితో చేసిన నకళ్లయితే అక్షరాల దగ్గరే దొరికిపోతాయి: ఇంగ్లీషు ‘ఎన్’ తిరగబడి ఉంటుంది, కిరీటం ముద్ర ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

అపోహ: దానితో పాటు దొరికిన పాత తూటాలు ఇప్పటికి చచ్చిపోయి ఉంటాయి.

వాస్తవం: దశాబ్దాల తరువాత కూడా అవి పేలవచ్చు. పైగా ఇత్తడి గుల్ల బలహీనపడుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశపు గుర్రపుశాలల్లో నిలవ చేసిన తూటాల గుల్లలు వానాకాలంలో వాటంతట అవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, గుల్ల తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఆ పని చేశాయని 1921లో పరిశోధకులు తేల్చారు. పాత తూటాలను మీరుగా కదపకండి, పోలీసులకు చెప్పి అప్పగించండి. తూటా విషయంలో అమెరికాలో సేకరించే మనవాళ్లకు ఇంకొక మాట. అక్కడ అమ్మకానికి వచ్చే పాత వెబ్లీలలో చాలావాటి సిలిండరు వెనుక ముఖాన్ని, అక్కడ సులువుగా దొరికే .45 ఏసీపీ తూటా పట్టేలా తరిగించారు. ఆ తూటా ఒత్తిడి వెబ్లీ అసలు తూటా ఒత్తిడి కంటే బాగా ఎక్కువ. తరిగిన సిలిండరు సేకరణ విలువనూ తగ్గిస్తుంది, కాల్చేవారి చేతికీ ప్రమాదం తెస్తుంది.

అపోహ: ఇంట్లో చెప్పుకునే కథే దాని చరిత్ర.

వాస్తవం: 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై చేసిన దాడుల్లో చిక్కిన రివాల్వరు ఇదేనని ఒక పెద్దాయన తన లైసెన్సుతో పాటు తెచ్చి నాకు ఎంతో గర్వంగా చూపించారు. ఫ్రేము కుడి పక్కన ‘ఎన్‌ఫీల్డ్, నంబర్ 2, మార్క్ 1’ అన్న ముద్ర స్పష్టంగా ఉంది. ఆ నమూనాను బ్రిటిష్ సైన్యం స్వీకరించింది 1932లో. అల్లూరి అమరుడైంది 1924 మే 7న. ఆ సంగతి ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది. తరువాతి వారం ఆయన ఒక రేకు పెట్టె తెచ్చారు. అందులో చెద తిన్న అంచులతో వాళ్ల నాన్నగారి పేర ఇచ్చిన పాత లైసెన్సు పుస్తకం ఉంది. అందులో సిరాతో రాసిన నంబరును నేను చదువుతుంటే ఆయన కళ్లజోడు సవరించుకుని ఫ్రేము మీది అంకెలను ఒక్కొక్కటిగా పైకి చదివారు. అన్నీ సరిపోయాయి.