టర్బో సెన్సర్ కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ మార్చాలా?

ఘాట్ రోడ్డు ఎక్కుతున్న డీజిల్ కారుకు ఉన్నట్టుండి పికప్ పడిపోతుంది. ఇంజిన్ లైటు వెలుగుతుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ముక్కుతూ మూలుగుతూ కదులుతుంది. షెడ్డులో స్కానర్ పెట్టగానే, టర్బో నెట్టే గాలి పీడనాన్ని (బూస్ట్) కొలిచే సెన్సర్‌కు సంబంధించిన పి0236 అనో, పి0238 అనో కోడ్ కనిపిస్తుంది. ఆ వెంటనే "బూస్ట్ సెన్సర్ పోయింది, మార్చాలి" అన్న మాట వినిపిస్తుంది. ఈ తీర్పు చాలాసార్లు తొందరపాటే. ఏ సర్క్యూట్‌లో తేడా కనిపించిందో కోడ్ చెబుతుంది. ఆ తేడాకు కారణం సెన్సరా, వైరా, చీలిన హోసా అన్నది మాత్రం కొలిచి తేల్చవలసిందే.

ఇంజిన్ నుంచి వెళ్లిపోయే వేడి వాయువులతో టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసు మీదున్న కంప్రెసర్‌తో సిలిండర్లలోకి ఎక్కువ గాలిని నెట్టడం టర్బో చేసే పని. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూహి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నారు. నేటి కార్లలో ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. గాలి ఎంత లోపలికి చేరిందో తెలియకుండా డీజిల్ పోస్తే నల్లపొగ, మితిమీరిన వేడి తప్పవు. అందుకే పీడనం లెక్క నమ్మదగినదిగా లేదని తోచినప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇంధనాన్ని తగ్గించి, బండిని లింప్ మోడ్‌లో, అంటే తక్కువ శక్తితో మాత్రమే నడిచే స్థితిలో పెడుతుంది. యజమానికి విసుగు తెప్పించినా, ఇంజిన్‌ను కాపాడేది ఆ జాగ్రత్తే.

ఈ లెక్క చెప్పే సెన్సర్ సాధారణంగా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) మీదో, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) తర్వాతి పైపు మీదో ఉంటుంది. లోపల పలుచని సిలికాన్ పొర, దానికి ఒకవైపు గాలి తీసేసి మూసిన చిన్న అర ఉంటాయి. రెండోవైపు గాలి ఒత్తిడికి పొర వంగితే దాని మీది నిరోధాల విలువ మారుతుంది, ఆ మార్పు వోల్టేజిగా బయటికి వస్తుంది. శూన్యంతో పోల్చి కొలుస్తుంది కాబట్టి, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా ఈ సెన్సర్ సున్నా చూపించదు. చుట్టూ ఉన్న వాతావరణ పీడనాన్నే చూపించాలి.

పరీక్ష మొదలుపెట్టవలసింది ఇక్కడే. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను వదిలేసి సామాను మార్చడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, స్కానర్‌లో పీడనం చూడాలి. సముద్రమట్టాన ఉన్న విశాఖపట్నంలో అది 101 కిలోపాస్కల్‌కు దగ్గరగా, సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 95కు దగ్గరగా ఉండాలి. మల్టీమీటర్‌తోనూ సరిచూసుకోవచ్చు. 20 కిలోపాస్కల్ వద్ద 0.5 వోల్టు, 250 వద్ద 4.5 వోల్టులు ఇచ్చే సెన్సర్ అనుకుంటే, సిగ్నల్ వైరులో విశాఖలో 1.9, హైదరాబాద్‌లో 1.8 వోల్టులు కనిపించాలి. ఏ సెన్సర్‌కు ఎంత రావాలన్నది ఆ బండి సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. హైదరాబాద్‌లో నిలిపి ఉన్న కారు 140 చూపిస్తే దోషం సెన్సర్‌లోనో వైరింగులోనో ఉన్నట్టే; 95 చూపించి, రోడ్డు మీద మాత్రమే కోడ్ వస్తుంటే అనుమానం గాలి దారి మీదికి మళ్లాలి.

వైరింగు చూసేటప్పుడు సెన్సర్‌కు వైర్లు తగిలే కప్లర్ ఊడదీసి, అందులో 5 వోల్టుల సరఫరా వస్తోందో లేదో ముందు కొలవాలి. అదే 5 వోల్టుల సరఫరాను చాలా బండ్లలో ఇతర సెన్సర్లు కూడా పంచుకుంటాయి కాబట్టి, ఒకటి షార్ట్ అయినా సంబంధం లేనట్టు కనిపించే కోడ్లు ఒకేసారి నాలుగు రావచ్చు. కప్లర్ తిరిగి తగిలించి, తాళం ఆన్‌లో ఉండగా సెన్సర్ గ్రౌండ్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే 0.1 వోల్టు కన్నా తక్కువ ఉండాలి. గ్రౌండ్ బలహీనపడితే రీడింగు ఉన్నదానికన్నా పైకి పోతుంది, మంచి సెన్సర్ నేరస్థురాలిగా కనిపిస్తుంది. పచ్చగా చిలుము పట్టిన పిన్నులు, ఎలుకలు కొరికిన వైర్లు మన దగ్గర అరుదేమీ కాదు.

డీజిల్ బండ్లలో మరో చిక్కు మసి. ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) వెనక్కి పంపే పొగ, క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు భాగం) నుంచి వచ్చే నూనె ఆవిరి కలిసి తారులాంటి ముద్దగా మారి సెన్సర్ రంధ్రాన్ని పూడ్చేస్తాయి. అప్పుడు రీడింగు తప్పు కాకపోయినా ఆలస్యంగా కదులుతుంది. సెన్సర్ క్లీనర్ స్ప్రేతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఓ-రింగు బాగుంటేనే తిరిగి బిగించాలి. రంధ్రంలో పిన్నీసు పెట్టి పొడిస్తే సన్నని పొర చిరిగి, నిజంగానే కొత్తది కొనవలసి వస్తుంది.

పి0299 కోడ్, అంటే బూస్ట్ చాలడం లేదన్న ఫిర్యాదు వస్తే, సెన్సర్ చాలాసార్లు నిజమే చెబుతోందని అనుకోవాలి. ఇంటర్‌కూలర్ హోసు అడుగున, క్లిప్పు పక్కన సన్నటి చీలిక ఉండవచ్చు. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు మూసుకుని, లోడు పడగానే తెరుచుకుంటుంది. ఆ చుట్టూ పేరుకున్న నూనె తడి దాని ఆనవాలు. టర్బైన్ మీదికి వాయువుల దారిని సర్దే రెక్కలను (వేన్లను) కదిలించే వాక్యూమ్ గొట్టం పగిలినా ఇదే కోడ్ వస్తుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు ఎంత ఉన్నాయో ఈసీయూ దాచిపెట్టే ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ రికార్డులో నమోదై ఉంటాయి. దాన్ని చదవకుండా కోడ్ చెరిపేస్తే అన్నిటికన్నా విలువైన సాక్ష్యం పోతుంది.

మరమ్మతు పూర్తయ్యాక కోడ్ చెరిపి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1500 నుంచి 3500 ఆర్‌పీఎం వరకు లాగాలి. ఈసీయూ కోరిన బూస్ట్, నిజంగా అందిన బూస్ట్ ఎంతెంతో పక్క సీటులో మరొకరు స్కానర్‌లో చూడాలి. ఆ రెండు గీతలు దగ్గరదగ్గరగా సాగితేనే బిల్లు రాయవచ్చు.